బిడ్డకు ఎదురుగా అతికించిన సామి

కారు కొన్న రోజు దేవుణ్ణి ఎక్కడ పెట్టాలన్న దాని మీద నేనూ మా ఆయనా గుడి ముందరే పోట్లాడుకున్నాం. ఆయన మధ్యలో పెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ముందు సీట్లో మా అత్త ఒళ్లో రెండేళ్ల నా కొడుకు కూర్చుంటాడు కాబట్టి దేవుడు సరిగ్గా వాడికి ఎదురుగానే ఉండాలన్నాను. నేను పట్టుబట్టానంటే మా ఆయన మాట సాగదు. అరచేయంత ఇత్తడి వినాయకుడికి అడుగున గట్టి జిగురు పూసి, ఎడమ పక్క డ్యాష్‌బోర్డు మీద పెట్టి నేనే అదిమి పట్టుకున్నాను. ఆ చోట ప్లాస్టిక్ మీద ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లిష్ అక్షరాలున్నాయి. చదివాను కూడా. లోపల మెత్తటి దిండేదో ఉందిలే, మంచిదే అనుకున్నాను.

పలమనేరు నుంచి చిత్తూరుకు వారానికి రెండు సార్లయినా ఆ కారులో తిరిగేవాళ్లం. డ్రైవింగు నాదే. బయలుదేరే ముందు అత్త దేవుడి తొండానికి కుంకుమ పెట్టేది. వాడు ఆమె ఒళ్లోంచి ముందుకు వంగి, "సామీ" అంటూ తొండానికి నుదురు ఆనించేవాడు. నుదుటి మీద ఎర్రటి బొట్టు పడేది. మాకదొక ముచ్చట. ఫోన్లో ఎన్ని ఫొటోలు తీశానో.

మొన్న ఎండాకాలంలో నేనూ అత్తా పిల్లాణ్ణి వెంటబెట్టుకుని, బండిని సర్వీసుకు చిత్తూరు తీసుకెళ్లాం. షెడ్డులో మెకానిక్ తలుపు తీసి, దేవుణ్ణి చూసి ఆగిపోయాడు.

"అక్కా, ఈడ ఎవురు కూసుంటారు?"

"మా అత్త. ఒళ్లో పిల్లోడు."

అతను చేతిలో గుడ్డ పక్కన పెట్టేశాడు. "దీని కింద గాలిసంచి మడిచిపెట్టి ఉండాది. బండి దేన్నన్నా గట్టిగా గుద్దుకుంటే లోపల మందు మండి గ్యాస్ పుడతాది. రెప్ప కొట్టేలోపల సంచి ఉబ్బి, ఈ మూతను చీల్చుకోని వస్తాది. బెల్టు పెట్టుకోని ఎనక్కి ఆనుకున్న పెద్దోళ్లకైతే అది కాపు. ఒళ్లో బిడ్డకు ఆ దెబ్బే సాలక్కా. దాని మింద మీరు ఇత్తడి పెట్టినారు."

వెంటనే తీసెయ్యమన్నాను. అతను వెనక్కి జరిగాడు. ఆ మూత దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకూడదన్నాడు. పైగా సామిని తాను పీకనన్నాడు.

"మీరే దండం పెట్టుకోని, నైలాన్ దారంతో జిగురును మెల్లంగా కోయండి. మూత దెబ్బతినిందేమో షోరూములో ఒకసారి సూపించండి."

ఇంటికి వెళ్లాలి కదా. అత్తనూ వాణ్ణీ వెనక సీట్లో కూర్చోబెట్టాను. వాడు ముందుకొస్తానని గుక్కపట్టి ఏడ్చాడు.

"ఈ ఒక్క తూరికి ఏమైతాది అమ్మీ, నేను గట్టిగా పట్టుకోనుంటాను" అంది అత్త.

"నోరు మూసుకో అత్తా!" అని అరిచాను. ఎంత కోపంలోనూ ఆ మాట ఆమెను ఎన్నడూ అని ఎరగను. ఆమె వాణ్ణి దగ్గరికి లాక్కుని తలుపు వేసుకుంది.

మొగిలి ఘాట్ ఎక్కుతుంటే పక్కనుంచి దాటిపోయే ప్రతి లారీకీ వేగం తగ్గించి పక్కకు జరిగాను. ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంది. దాని ముందు దేవుడు. ఆయన వైపు తల తిప్పాలంటేనే భయం వేసింది. ఇదే రోడ్డులో గేదెలు అడ్డమొచ్చి నేను సడన్ బ్రేకు వేసిన రోజులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అప్పుడల్లా సామి కాపాడాడని ఆయనకే దండం పెట్టుకున్నాం.

ఇంటి ముందు కారు ఆపాను. వాడు ఏడ్చి ఏడ్చి వెనక సీట్లో నిద్రపోయాడు. అత్త లోపలికి వెళ్లి నైలాన్ దారం తెచ్చింది. ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుని రంపంలాగా లాగాం. చాలాసేపటికి దేవుడు ఊడి ఆమె చేతిలోకి వచ్చాడు. ఆమె ఆయన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎంత బరువుండాడు అమ్మీ" అంది.

నేను వాణ్ణి ఎత్తుకున్నాను. పొద్దున బయలుదేరేటప్పుడు పడిన కుంకుమ బొట్టు వాడి నుదుటి మీద అలాగే ఉంది. రెండు కనుబొమల మధ్య, తొండం తగిలిన చోట. కొంగు తడిపి తుడిచాను. బొట్టు పోయింది. పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాను, వాడు నొప్పికి లేచి ఏడ్చేదాకా.