ఎల్లుతుంది అన్న మాటకు ఇంగ్లీషు

కరీంనగర్ బస్టాండు వెనక గల్లీలో దేవదాస్ సారు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తన చేతి మీదుగా లోయరు, హయ్యరు పాసైనవాళ్లు జిల్లాలోని ప్రతి ఆఫీసులో కనీసం ఒక కుర్చీని ఆక్రమించి ఉన్నారని ఆయన చెప్పుకొనేవాడు. వాళ్లెవరూ కాదనలేదు, పని మీద వెళ్తే గుర్తుపట్టనూ లేదు. కంప్యూటర్లు వచ్చి మిషన్లన్నీ తూకానికి పోయాక ఒక్కదాన్ని ఇంట్లో ఉంచుకుని, దాని మీద జనానికి అర్జీలు కొట్టిచ్చేవాడు. పింఛనైనా, పట్టా అయినా, కరెంటు మీటరైనా ఆయన అర్జీ "మహారాజశ్రీ" దగ్గర మొదలై "వేడుకొనుచున్నాను" దగ్గర ముగిసేది. ఇంగ్లీషులో అయితే "ఐ బెగ్ టు సబ్మిట్". నలభై ఏళ్లలో పరుల తరఫున ఆయన అడుక్కున్నంత వేములవాడ గుడి మెట్ల మీద కూడా ఎవరూ అడుక్కుని ఉండరు. తన కోసం మాత్రం ఒక్క అర్జీ పెట్టుకోలేదు. ఆ సంగతి గర్వంగా చెప్పుకొనేవాడు. ఆ గర్వం ఖరీదు తర్వాత తెలిసింది.

సిరిసిల్లలో పోశవ్వ అని ఒకామె ఉంది. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు వంకర తిరిగిన మనిషి. బీడీలు చేసే తల్లుల పిల్లలు తంబాకు చాటల పక్కన దగ్గుకుంటూ పెరగడం చూడలేక, ఒక మరమగ్గాల కార్ఖానా వెనకనున్న రేకుల గదిని అడిగి తీసుకుని, పొద్దంతా వాళ్లను చూసుకునేది. పందొమ్మిది మంది పిల్లలు. తల్లులు రోజూ తలా పిడికెడు బియ్యం తెచ్చి కుండలో పోసేవారు. గోడకవతల మరమగ్గాలు, అంటే ఆ ఊరివాళ్ల మాటలో సాంచాలు, టకటకమంటుంటే పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. కరెంటు పోయి చప్పుడు ఆగితే మాత్రం అందరూ ఒక్కసారే లేచి రాగం అందుకునేవారు.

దీన్ని సంఘంగా రిజిస్టరు చేయించాలంటే ఇంగ్లీషులో సంతకం పెట్టే కార్యదర్శి ఒకడు కావలసి వచ్చాడు. అలా దేవదాస్ సారు శ్రీ రాజరాజేశ్వర కార్మిక బాలబాలికా సంరక్షణ సేవా సంఘానికి కార్యదర్శి అయ్యాడు. జనం దాన్ని పోశవ్వ బడి అనేవారు.

పోయిన ఎండాకాలంలో కార్ఖానా యజమాని వచ్చి చెప్పాడు. "పోశవ్వా, దసరాకు గీ అర్రల నాలుగు సాంచాలు దించుతున్న. జర ఖాళీ జెయ్యాలె."

ఖాళీ చేసి ఎక్కడికి పోవాలన్నది ప్రశ్న. పిడికెడు బియ్యం ఇచ్చే తల్లులు కిరాయి ఇవ్వలేరు. ఢిల్లీలో ఒక పెద్ద ఫౌండేషను చిన్న సంఘాలకు సాయం చేస్తుందని తెలిసి దేవదాస్ సారు నడుం బిగించాడు.

అర్జీ ఆన్‌లైనులో. సంఘం పేరు రాయమన్న గడిలో "సంరక్షణ" దాటి అక్షరం దిగలేదు. సమస్యను నూట యాభై మాటల్లో వివరించమన్నారు; ఆయన సంబోధనే అరవై తిన్నది. మరో గడిలో "మీ థియరీ ఆఫ్ ఛేంజ్ ఏమిటి?" అని ఉంది. ఆయన పోశవ్వకు ఫోను చేశాడు.

"ఛేంజ్ గురించి అడుగుతున్నరు పోశవ్వా."

"చిల్లరనా? మన కాడ యాడుంటది సార్? ఉంటె వాళ్లనెందుకడుగుతం?"

ఆలోచిస్తే ఇంతకంటే సరైన సిద్ధాంతం లేదు. కాని ఆయన ఆ గడిలో గంభీరమైనదేదో రాశాడు. రెండు నెలలకు జవాబొచ్చింది. చూడడానికి మనిషిని పంపుతున్నాం, పేరు అరుణ్.

ఆ రోజు పొద్దున్నే దేవదాస్ సారు టెంటుహౌసు నుంచి ఆటోలో కుర్చీలు దింపించాడు. అందులో ఎర్ర మఖమల్ది, బంగారు రంగు సింహాల చేతులది ఒకటి ఉంది. పెండ్లికొడుకును కూచోబెట్టేది.

పోశవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "గిదెందుకు సార్? లగ్గమెవలకు?"

"వచ్చేటాయన ఢిల్లీ నుంచి వస్తుండు. ఇజ్జత్ ఉండాలె గద."

"ఉన్నదున్నట్టు సూపెడితె ఇజ్జత్ వోతదా?"

పోశవ్వ ఆయనతో వాదించిన సందర్భం అదొక్కటే. ఆయన గెలిచాడు.

అరుణ్ మర్యాదస్థుడు. వయసు ముప్ఫై ఉండవచ్చు. సింహాసనం మీద కూచోవడానికి సిగ్గుపడ్డాడు గాని, మరో దారి లేక కూచున్నాడు. సాంచాల చప్పుడులో పిల్లలు వరసగా నిద్రపోతున్నారు. ఇంత క్రమశిక్షణ తానెక్కడా చూడలేదని ఆయన రాసుకున్నాడు. ఆయనకు తెలుగు రాదు. పోశవ్వ వైపు తిరిగి, కేంద్రం ఎలా నడుస్తోందని ఇంగ్లీషులో అడిగాడు. దేవదాస్ సారు ఆ ప్రశ్నను పోశవ్వకు చెప్పాడు.

పోశవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏం జెప్పాలె బిడ్డా, ఎట్లనో అట్ల ఎల్లుతుంది. వానొస్తె రేకులు కురుస్తయి, పోరగాండ్లను సంకనేసుకొని మూలకు నిలబడ్త. దసరా దాటితె గా మూల గూడ ఉండది."

"ఆంటీ ఏమన్నారు?" అన్నాడు అరుణ్.

ఎల్లుతుంది అనే మాట మా దిక్కు మనుషులు ఊరికే వాడరు. బియ్యం అడుగంటినప్పుడు, పని తప్పినప్పుడు, మూడోవాడి ముందు ఏడవడం ఇష్టం లేనప్పుడు వాడతారు. ఈ రోజు గడిచింది, రేపటి మాట అడగకు అని దాని అర్థం. ఇది దేవదాస్ సారుకు తెలియనిది కాదు. సిరిసిల్లలోనే పుట్టాడు. కాని నలభై ఏళ్లు కాగితం మీద వేడుకున్న మనిషికి, కొడుకు వయసువాడి ఎదుట నోటితో వేడుకోవలసి వచ్చేసరికి నాలుక తిరగలేదు. పైగా ఎదురుగా ఆ కుర్చీ ఒకటి.

"షి సేస్, వుయ్ ఆర్ మేనేజింగ్ వెరీ వెల్, సర్," అన్నాడు.

రేకుల సంగతి, మూల సంగతి సందర్భోచితం కాదని వదిలేశాడు. దసరా గురించి అర్జీలో రాశానులే అని సర్దిచెప్పుకున్నాడు. రాశాడు గాని, అది నూట యాభై ఒకటో మాట నుంచి మొదలైందని, గడి దాన్ని మింగేసిందని తర్వాత చూసుకున్నాడు.

అరుణ్ సంతోషంగా తలూపి, పోశవ్వకు రెండు చేతులా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

బతుకమ్మ పండుగ మొదలుకాక ముందే ఉత్తరం వచ్చింది. దేవదాస్ సారు జిరాక్సు షాపులో దాన్ని ప్రింటు తీయించి అక్కడే నిలబడి చదివాడు. కేంద్రం చాలా చక్కగా నిర్వహింపబడుతున్నదని మీ మాటల్లోనే విని ఆనందించాం, మరింత అవసరంలో ఉన్న సంస్థలకు ఈ ఏడు ప్రాధాన్యం ఇస్తున్నాం, అని ఉంది. వెరీ వెల్ అన్న రెండు ముక్కలూ ఆయనవే. తప్పు లేకుండా ఎత్తి రాశారు.

ఆయన ఆ కాగితాన్ని వారం రోజులు జేబులో దాచాడు. ఆ వారమంతా మిషన్ ముందు కూచుని సవరణ రాశాడు. ఎల్లుతుంది అన్న మాటకు ఇంగ్లీషు వెతికాడు. పుల్లింగ్ ఆన్ అని కొట్టాడు, చింపేశాడు. సర్వైవింగ్ అని కొట్టాడు. అది ఆసుపత్రి మాటలా ఉంది. చివరికి, అనువాదంలో తప్పు జరిగినది, ఆ తప్పు కార్యదర్శిది, ఐ బెగ్ టు సబ్మిట్, అని కొట్టి, జిరాక్సు షాపు నుంచి మెయిల్లో పంపించాడు. తన కోసం ఆయన పెట్టుకున్న మొదటి అర్జీ అది. జవాబు త్వరగానే వచ్చింది. మీ నిజాయితీకి ధన్యవాదాలు, దరఖాస్తులు మళ్లీ ఏప్రిల్‌లో తీసుకుంటాం.

అప్పుడు సిరిసిల్ల బస్సెక్కాడు. వెళ్లేసరికి గది ముందు ట్రాలీ ఆగి ఉంది. సాంచాలు రెండు లోపలికి పోయాయి, రెండు పోతున్నాయి. దసరా ఇంకా నాలుగు రోజులుంది, కాని యజమానికి మంచి ముహూర్తం దొరికింది. పోశవ్వ చాపలు చుడుతోంది. వినోద అనే తల్లి తన పిల్లను భుజాన వేసుకుని, బియ్యం కుండను చంకన పెట్టుకుని నిలబడింది.

"ఏమన్నరు సార్ ఢిల్లోళ్లు?" అంది పోశవ్వ.

చెప్పవలసిన వాక్యం బస్సులో గంటసేపు సాధన చేసుకొచ్చాడు. తప్పు నాదే పోశవ్వా అన్నది ఆ వాక్యం. ఆయన నోట మరోటి వచ్చింది.

"ఈసారి వాళ్ల కాడ పైసలు తక్కువున్నయట."

పోశవ్వ చాప చుట్టడం ఆపింది. ఆమె ముఖంలో నిజంగానే జాలి కనబడింది.

"అయ్యో పాపం. గంత పెద్దోళ్లకు గూడ ఎల్లుతలేదా సార్?"

దేవదాస్ సారు వంగి చాప రెండో కొస పట్టుకున్నాడు. లోపల మేస్త్రీ కొత్త సాంచాను నడిపి చూస్తున్నాడు. ఆ టకటకకు వినోద భుజం మీది పిల్ల, అలవాటు ప్రకారం, నిద్రపోయింది.