గాజుల బూబమ్మ చేతికట్టు

నా చిన్నప్పుడు మా ఊరికి గాజులు అమ్మడానికి వచ్చే ఆమె చేతులకు ఒక్క గాజు కూడా ఉండేది కాదు. భుజాన వేలాడే మలారం నిండా ఎర్రవి, పచ్చవి, నీలివి గాజుల దండలు. ఆమె చేతులు మాత్రం బోసి. మిఠాయి అమ్మేవాడు మిఠాయి తినకుండా ఎలా ఉంటాడో నాకు తెలిసేది కాదు, ఈమె సంగతీ అంతే. ఆమెది హిందూపురం. అందరూ గాజుల బూబమ్మ అనేవాళ్లు. పరిగి దగ్గర మెట్ట పల్లె మాది. జాతరకు ముందు, పెళ్లిళ్ల కాలంలో ఆమె నడిచి వచ్చేది. వీధి చివరిదాకా ఆమె వెంట తిరుగుతూ ఆ చేతులనే చూసేదాన్ని. ఒకసారి అడిగేశాను కూడా.

"మా ఇంటాయన పోయి శానా కాలమయింది పాపా" అని నా ముక్కు పట్టుకుని ఊపి, పక్కింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన పోతే గాజులు ఎందుకు పోవాలో మాత్రం చెప్పలేదు. అది ఆ ఏడే మా ఇంట్లో తెలిసింది. గొర్రెలను తోలుకొస్తుంటే వానలో పిడుగు పడి మా నాయన పోయాడు. కర్మ రోజున ఆడవాళ్లు అమ్మ చేతుల గాజులు రాతి మీద పగలగొట్టారు. పిల్లలం గాజు పెంకులతో ఆడుకునేవాళ్లం కదా, నేను వంగి ఏరుకోబోయాను. మా అవ్వ నా చేతి మీద ఒక్కటి వేసి, అన్నీ ఊడ్చి దిబ్బలో పోసింది.

ఆ తరువాత అమ్మ గోడవైపు తిరిగి మూలన కూర్చుంది. మా వైపు మొగుడు పోయిన ఆడది కొన్నాళ్లు గడప దాటకూడదు. కానీ అమ్మ ఆ మూల కూడా దాటలేదు. ముందు పెట్టిన సంగటి ముద్ద మీద ఈగలు వాలేవి. పిలిస్తే పలికేది కాదు. అవ్వ బతిమాలింది, తిట్టింది, మళ్లీ బతిమాలింది. వచ్చినవాళ్లందరూ ఓదార్చారు. ఓదార్చేకొద్దీ అమ్మ ఇంకా ముడుచుకుపోతున్నట్టు కనిపించేది నాకు. ధర్మవరంలో మగ్గం నేసే మా మేనమామ వచ్చి చూశాడు. ఈమెను నమ్ముకుంటే పిల్ల ఆకలితో పోతుంది, ఆదివారం వచ్చి తీసుకుపోతాను, మా ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటూ ఉంటుంది అన్నాడు. అవ్వ సరేనంది. అమ్మ ఆ మాటకు కూడా తల తిప్పలేదు. నన్ను తీసుకుపోతామంటే తిప్పని తల ఇక దేనికి తిప్పుతుందా అని నేను అమ్మ వీపునే చూస్తూ కూర్చున్నాను.

అంతలో జాతర దగ్గర పడింది. చావు జరిగిన ఇంటి ముందు గాజులమ్మేవాళ్లు ఆగరు, అది ఆనవాయితీ. బూబమ్మ ఆ రోజు నేరుగా మా అరుగు మీదికే వచ్చి మలారం దించింది. కుడి చేతికి పాత గుడ్డతో పెద్ద కట్టు కట్టుకుని ఉంది.

"ఏం మే, నా చెయ్యి బెణికింది. ఆడోళ్లంతా గాజులకు కాచుకోనుండారు. నువ్వొచ్చి నాలుగు చేతులకు తొడిగిచ్చు, చాలు" అంది లోపలికి తొంగి చూస్తూ.

మా అవ్వ నోరు తెరిచేసింది. "దాని చేత గాజులు ముట్టిస్తావా బూబమ్మా? నీకేమన్నా తిక్క పట్టిందా?"

"నీ కోడలు గొర్రె కడుపులో అడ్డం తిరిగిన పిల్లను గూడా నొప్పి తెలీకుండా లాగుతాది. అట్లాంటి చెయ్యి ఈ ఊర్లో ఇంకెవురికుండాది? నాకు కావల్సింది చెయ్యి."

ఆ మాట నిజమే. ఏ మందలో గొర్రె ఈనలేక అవస్థ పడినా మా అమ్మకే కబురు వచ్చేది. అయినా అమ్మ కదల్లేదు. బూబమ్మ మళ్లీ పిలవనూ లేదు. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, ఎడమ చేత్తో నా చేతికి గాజు ఎక్కించడం మొదలుపెట్టింది. ఒకటి టప్పున విరిగింది. ఇంకొకటి విరిగింది. మూడోది బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కుని, నేను అబ్బా అని అరిచాను.

అమ్మ తల తిప్పింది.

"అట్ల కాదు" అంది. నాయన పోయాక నేను విన్న అమ్మ మొదటి మాట అది. కూర్చున్నది కూర్చున్నట్టే గడప దాకా జరిగి, నా చేయి తీసుకుంది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్లను ఒకదాని కిందికి ఒకటి నొక్కింది. గాజు ఎప్పుడు ఎక్కిందో నాకు తెలియనే లేదు.

వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే మూగారు. అమ్మ గడపకు లోపల, వాళ్లు బయట. పక్కింటి పెద్దమ్మ మాత్రం చేయి ముందుకు చాపలేదు. తాడు తెగినదాని చేత్తో తొడిగించుకుంటే తన మొగుడికేమన్నా అయితే ఎవరు చూస్తారంది. అమ్మ చేతులు ఒళ్లోకి లాగేసుకుంది. ఇంకేముంది, మళ్లీ మూలకు పోతుందనుకున్నాను.

బూబమ్మ తన బోసి చేయి పెద్దమ్మ ముఖం ముందు పెట్టింది. "నీ పెండ్లికి గాజులు ఎవురు తొడిగిచ్చిరి మే?"

"నువ్వే."

"అప్పటికే మా ఇంటాయన మట్టిలో ఉండె. నీ మొగుడు బాగానే ఉండాడు గదా. పొద్దున సూస్తి, కోడెదూడ మాదిరి పోతాండె."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఇన్నాళ్లూ వింతగా చూసిన ఆ చేతులను వాళ్లంతా అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. పెద్దమ్మ కాసేపు గొణిగి, చివరికి కూర్చుని చేయి చాపింది.

మధ్యాహ్నం బూబమ్మ కుండ దగ్గరికి నీళ్లకు పోతే నేను వెంట వెళ్లాను. కట్టు ఎడమ చేతికి ఉంది.

"బూబమ్మా, కట్టు మారింది" అన్నాను.

"నొప్పి గూడా మారింది పాపా. నువ్వు నోరు మూసుకోనుంటే పూర్తిగా పోతాది" అంది.

నోరు మూసుకున్నాను. ఆ పూట అమ్మ సంగటి అడిగి తింది. చేయి బాగయ్యేదాకా ఉంచుకోమని బూబమ్మ కొన్ని దండలు మా ఇంట్లోనే వదిలిపోయింది.

ఆదివారం మామ వచ్చేసరికి అమ్మ గాజులను సైజుల వారీగా వేరుచేస్తోంది. పిల్లను తయారు చేయమన్నాడు మామ. అమ్మ తలెత్తకుండానే "పాప యాడికీ రాదు. సంగటి తిని పో" అంది. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. తిన్నాడు, పోయాడు.

ఆ మీదట అమ్మే మలారం ఎత్తుకుంది. ఊరూరా తిరిగింది, పెనుకొండ ఉరుసులో అంగడి కూడా పెట్టింది. అందరూ రానిచ్చారని చెప్పను. తలుపు వేసుకున్న ఇళ్లు చాలా ఉండేవి. అమ్మ వాటి ముందు ఆగకుండా తరువాతి ఇంటికి పోయేది.

నా మొగుడు పోయినప్పుడు నేనూ కొన్నాళ్లు లేవలేదు. అప్పటికి అమ్మ లేదు, బూబమ్మ లేదు. మా ఇంటి ఎదుటి బడిలో వంటమనిషి రాలేదు, ఈ పూటకు పిల్లలకు వండిపెట్టమని ఆ బడి ఆయమ్మ వచ్చి పిలిచింది. ఆ పూటకని పోయినదాన్ని ముసలిదాన్నయ్యేదాకా వండాను. వంటమనిషి ఆ రోజు నిజంగానే రాలేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

అందుకే నేను ఎవరింటికి పోయినా ఓదార్పు మాటలు చెప్పను. నాకు రావు కూడా. ఇప్పుడు హిందూపురంలో మనవరాలితో ఉంటున్నాను. మా ఎదురింటి పిల్ల మొగుడు ఆటో నడిపేవాడు, జబ్బు చేసి పోయాడు. మొన్న ఒక మూట చింతపండు మోయించుకుపోయి ఆ పిల్ల ముందు పోశాను. నా వేళ్లు వంగడం లేదు, గింజలు తీసిపెట్టు అన్నాను. ఆ పిల్ల తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆడాయి. సగం మూట అయ్యాక తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"అయినా మీ ఇంట్లో ఉండేది ఇద్దరే గదవ్వా. ఇంత చింతపండు ఏం జేసుకుంటారు?" అంది.

నేను ఇంకో గుప్పెడు ఆ పిల్ల ముందుకు తోశాను.