అవసరం లేని ట్రైలరు

ఒక ఫ్యాక్టరీ పచ్చికను, ఒక మేనేజరు పరువును, నా భవిష్యత్తును ఒక్క పూటలో దున్నేసిన సంగతి ఇది. మాటవరసకు కాదు, నిజంగానే దున్నేశాను. ఇంట్లో పెళ్ళయినా, చావయినా, నలుగురు చుట్టాలు చేరగానే "మామా, ఆ ట్రైలరు కథ చెప్పు" అంటారు. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. ఒకసారి రాసి పడేస్తే, ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో కాగితాలు పెట్టి నేను పోయి పడుకోవచ్చు కదా అని ఈ ప్రయత్నం.

మాది తమిళనాడులో పళ్ళిపట్టు పక్కన నేతపని ఇల్లు. మా నాయన, ఆయన నాయన, ఇంకా వెనక్కి ఎంత దూరం పోయినా అందరూ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికినవాళ్ళే. నాకు మాత్రం ఆ గుంటను చూస్తేనే నడుం నొప్పి వచ్చేది, ఇంకా కూర్చోకముందే. అందుకని తిరుత్తణిలో ఒక వెల్డింగ్ షెడ్డులో చేరి పని నేర్చుకున్నాను. నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుని నిప్పురవ్వలు లేపుతుంటే నన్ను మించిన ఇంజనీరు లేడనుకునేవాణ్ణి. ఎనభైల మొదట్లో సంగతి. ఆ వయసులో అనుకోవడానికి అడ్డేముంది!

నాయన మాత్రం ఒక మాట తేల్చి చెప్పాడు.

"కొండమీద ఆడికృత్తిక తిరునాళ్ళ లోపల నిలకడగా ఒక ఉద్యోగం చూసుకో. లేదంటే వచ్చి మగ్గంలో కూసో. ఇట్లా షెడ్డు షెడ్డుకీ తిరిగేది నాకు సరిపడదు."

"కండిప్పా చూసుకుంటా నాయనా, తప్పకుండా."

"కండిప్పా గిండిప్పా వద్దు. చేసి చూపించు."

సరిగ్గా అప్పుడే మునుసామి మామ కబురు పెట్టాడు. ఈయన మా అమ్మకు దూరపు తమ్ముడు. తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో తోటపని చూసేవాడు. ఆఫీసు ముందర ఇంత పచ్చిక, దాన్ని కోసే మిషను, చెత్త ఎత్తిపొయ్యడానికి చిన్న ట్రాక్టరు, దాని వెనక ట్రైలరు అన్నీ ఆయన చేతికిందే. రోజూ ఏదో ఒకటి విరుగుతోందని, సొంతంగా ఒక వెల్డరును పెట్టుకోవాలని మేనేజరు చూస్తున్నాడని చెప్పాడు. "వచ్చి పని చేసి చూపించు, నచ్చితే పర్మనెంట్" అన్నాడు. ఆ పర్మనెంట్ అనే మాట విని నేను రాత్రంతా నవ్వుకుంటూ పడుకున్నాను.

మేనేజరుగారిది గోదావరి జిల్లా. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని 'ఆంధ్రా సార్' అనేవాళ్ళు. ఆయన తెలుగు వింటే రేడియోలో వార్తలు విన్నట్టుండేది. మా తెలుగు వింటే ఆయనకేమనిపించేదో, పాపం, ఎప్పుడూ బయటపడలేదు. నన్ను ట్రైలరు దగ్గరికి తీసుకుపోయి చూపించాడు.

"చూడు బాబూ, ట్రాక్టరుకీ ట్రైలరుకీ మధ్య ఉండే ఈ కొక్కెం విరిగిపోయింది. ఇది మాత్రం చాలా అవసరం."

"అయిపోతాది సార్."

"ఇంకా ఏమేం చెయ్యడం వచ్చు నీకు?"

అడక్కుండా ఉంటే పోయేది. అడిగాడు.

"కోసిన గడ్డి ఎగిరిపోకుండా మిషను ముందర ఒక రేకు డబ్బా బిగిస్తా సార్. పచ్చిక చదునుగా అణిచేదానికి పాత డ్రమ్ములో కాంక్రీటు పోసి రోలరు చేస్తా. ట్రైలరుకు పైన ఒక పందిరి..."

ఆయన నవ్వాడు. "అబ్బే, అవన్నీ అవసరం లేదు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మునుసామి మామ నా భుజం తట్టాడు. "విన్నావా? కొక్కెం అవసరమంట, చట్టుమని ముగించు. తక్కిందంతా అవసరం లేదంట. నిదానంగా, అందంగా చెయ్యి."

ఇక్కడ చదువరులు నన్ను తిట్టుకోవడానికి సిద్ధమవుతున్నారని తెలుసు. కాస్త ఆగండి. మా ఇండ్లలో అవసరమంటే తొందర. అరవంలో అంతే, అరవం పక్కన పెరిగిన మా తెలుగులోనూ అంతే. ఏదైనా కావలసివస్తే 'కావాల' అంటాం. అవసరం అనే మాటకు 'కావడం' అనే అర్థం కూడా ఉందని, అదీ కోట్లమంది దాన్ని అట్లాగే వాడుతున్నారని, నాకు గానీ మామకు గానీ ఎవరు చెప్పారు?

కాబట్టి కొక్కేన్ని తొందరగా చేశాను. ఎంత తొందరగానంటే, తుప్పు గీకలేదు, పాత పెయింటు తుడవలేదు. అక్కడొకటి ఇక్కడొకటి బొట్లు పెట్టినట్టు అంటించి, పైన నల్లరంగు పూసేశాను. మేనేజరుగారు క్యాంటీనుకు పోయి కాఫీ తాగి వచ్చేలోపల పని ముగిసింది.

"అప్పుడే అయిపోయిందా!" అన్నాడాయన.

"మీరు అవసరం అన్నారు కదా సార్."

"భేష్! దేని విలువ ఏమిటో తెలిసినవాడివి."

ఆ మెప్పుతో నేను తిరుత్తణి బస్సులో సీటున్నా నిలబడే వచ్చాను.

ఇక మిగతా పనులు. జీవితంలో నేను ఏ పనీ అంత ఓపికగా చెయ్యలేదు, ఆ తర్వాత పెళ్ళి చేసుకుని సంసారం కూడా అంత ఓపికగా చెయ్యలేదు. పాత ఇనుప సామాన్ల కొట్లో డ్రమ్ము వెతికాను. కాంక్రీటు పోశాను. రేకు డబ్బాకు అంచులు మడిచి, నున్నగా రాకి, పచ్చరంగు వేశాను. పందిరికి నాలుగు పక్కలా ఆంగిల్ కమ్మీలు నిలబెట్టి, పైన ఇనుప కడ్డీలు వంచి, పురివిప్పిన నెమలిని అతికించాను. తిరుత్తణిలో పుట్టిన పందిరికి నెమలి లేకపోతే మురుగయ్య ఊరుకుంటాడా? షెడ్డు యజమాని అటూ ఇటూ పోతూ "ఇది ట్రైలరా, తేరా?" అనేవాడు. అసూయ అనుకున్నాను.

మధ్యలో ఒకసారి ఫ్యాక్టరీకి పోయాను. మేనేజరుగారు జీపు ఎక్కబోతున్నాడు.

"సార్, పందిరి పైన నెమలి పెడితే సరా?"

"నెమలా? నెమలేమిటోయ్! ఏ పందిరీ అవసరం లేదని చెప్పానుగా!"

"సరి సార్, అట్లే కానీండి."

జీపు వెళ్ళిపోయింది. మునుసామి మామకు కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏం మనిషిరా! మళ్ళీ మళ్ళీ చెప్తా ఉండాడు, అవసరపడొద్దని. ఇంత నిదానస్తుణ్ణి ఏ ఫ్యాక్టరీలోనూ చూళ్ళేదు."

నేను ఇంటికి పోయి నాయనతో చెప్పాను, ఉద్యోగం వచ్చినట్టేనని. ఆయన మగ్గం ఆపకుండానే "వచ్చినాక చెప్పు" అన్నాడు.

ఆడికృత్తిక ఇంకా కొద్దిరోజులుందనగా ఫ్యాక్టరీ ముదలాళులు, అంటే యజమానులు, మద్రాసు నుంచి చూడ్డానికి వస్తున్నారని మామ కబురంపాడు. 'ఇదే సమయం, అన్నీ తెచ్చి బిగించెయ్' అన్నాడు. చెరకు దించి ఖాళీగా పోయే లారీ ఒకటి దొరికింది. మేనేజరుగారు పెద్దవాళ్ళను ఎదురుకోవడానికి స్టేషనుకు వెళ్ళి ఉన్నాడు. ఆయన వచ్చేలోపల పందిరి నిలిపాం, నెమలి తళతళా మెరిసింది. రోలరును పచ్చికమీద లాగి చూపించడానికి వేళ లేక, ఆరుమంది కలిసి ఎత్తి ట్రైలరులో పెట్టాం.

గేటు దగ్గర షామియానా. అందులో ముదలాళులు, బోండాలు, కాఫీ. గేటు నుంచి ఆఫీసు దాకా పచ్చిక మెల్లగా ఎత్తుకు పోతుంది. మామ తలపాగా కట్టుకుని ట్రాక్టరు ఎక్కి, షామియానా ముందునుంచి ఎత్తుకు పోనిచ్చాడు. నెమలిని చూసి పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇదేమిటని అడగబోయిన మేనేజరుగారు కూడా, అందరూ కొడుతున్నారు కదా అని, బిత్తరపోతూనే కొట్టాడు. నాకు ఒళ్ళు పులకరించింది.

ట్రాక్టరు సగం ఎత్తు ఎక్కింది. టక్కుమని ఒక చిన్న చప్పుడు. అంతే. అవసరం అవసరంగా అంటించిన కొక్కెం ఊడింది. మామ ఆ సంగతి తెలియక దర్జాగా ముందుకు పోతూనే ఉన్నాడు. ట్రైలరు మాత్రం, చప్పట్లు కొట్టినవాళ్ళకు దండం పెట్టి రావాలనుకుందో ఏమో, వెనక్కి తిరిగి షామియానా వైపు బయల్దేరింది. దాని ముందు కమ్మీ నేలలో దిగబడి, పచ్చికను పై నుంచి కింది దాకా నాగలి చాలులా చీల్చుకుంటూ వచ్చింది. గులాబీ మడికి కట్టిన ఇటుకల గట్టు తగిలి ఆగింది. ట్రైలరు ఆగింది గానీ రోలరు ఆగలేదు. ఎగిరి దూకి, దొర్లుకుంటూ పోయి కాఫీ బల్లను పడేసింది. ముదలాళులు కుర్చీలమీదికి ఎక్కారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే దేవుడి దయ. నెమలి ముక్కు కిందికి పెట్టి గులాబీల్లో గుచ్చుకుంది.

మేనేజరుగారు నా దగ్గరికి వచ్చాడు.

"ఇవన్నీ ఎవడు చెయ్యమన్నాడు నిన్ను?"

"మీరే సార్. అవసరం లేదన్నారు కదా!"

"అవసరం లేదంటే ఎందుకు చేశావు?"

"అవసరం లేదు కాబట్టే సార్, ఇంత బాగా చేసినాను."

"మరి, అవసరం అన్న కొక్కేన్ని ఇట్లా ఎందుకు తగలేశావు?"

"అవసరం అన్నారు కదా సార్, అందుకే అట్లా చేసినాను!"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు. "బాబూ, ఇక మాకు నీ అవసరం లేదు. వెళ్ళిరా."

నేను వంగి దండం పెట్టి వచ్చేశాను. మామ గేటు దాకా వచ్చి ధైర్యం చెప్పాడు. "చూసినావా, ఇంత జరిగినా కోపం లేదు. నీ గురించి అవసరం లేదంట. పచ్చిక కొంచెం పెరిగినాక పిలుస్తారు. ఊరికే, సుమ్మా ఉండు."

సుమ్మా ఉన్నాను. ఆడికృత్తిక వచ్చింది, పోయింది. మురుగయ్యకు కావళ్ళు ఎత్తినవాళ్ళు కొండదిగి ఇళ్ళకు చేరారు. ఫ్యాక్టరీ నుంచి కబురు లేదు. ఒకరోజు నాయన మగ్గం ఆపాడు.

"ఏమిరా, యాడ నీ ఉద్యోగం?"

"పిలుస్తారు నాయనా. మేనేజరే చెప్పినాడు, నీ అవసరం లేదు అని."

నాయన చేతిలో పోగు తోసే నాడె కింద పెట్టేశాడు. "ఆ మేనేజరుది ఏ ఊరు?"

"గోదావరి జిల్లా."

ఆయన తలవంచుకుని, నెమ్మదిగా చెప్పాడు. "నేను నీ వయసులో ఉన్నప్పుడు చీరల మూట ఎత్తుకుని రాజమండ్రి పోయినాను. అంగడాయన 'సరుకు అవసరం లేదు' అన్నాడు. ఆహా, నిదానంగా చూస్తాడులే అని తిన్నెమీద కూసున్నా. పొద్దున కూసున్నోణ్ణి, సాయంత్రం వాళ్ళ పనిమనిషి నా కాళ్ళ కింద ఊడ్చేదాకా కూసున్నా."

"ఇన్నేండ్లూ ఇంట్లో ఒక్కమాట చెప్పలేదే నాయనా!"

"చెప్పుకునేదానికి అదేమన్నా గొప్పా?"

అప్పటికి నాకర్థమైంది. పందిరి, నెమలి, కొక్కెం, దండం, అన్నీ ఒకటొకటిగా అర్థమయ్యాయి. ఏడుపొచ్చింది. నాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గుతున్నాడని తెలిసి ఇంకా ఏడుపొచ్చింది.

"రా, మగ్గంలో కూసో" అన్నాడు.

"ఇప్పుడే అవసరమా నాయనా?"

"ఏ అవసరం అడగతా ఉండావురా? ఆయనదా, మనదా?"

"...రెండూ."

"రెండూ ఉండాయి. కూసో."

మగ్గం గుంటలో కాళ్ళు దించి, తిరుత్తణి కొండ ఉన్న దిక్కుకు తిరిగి ఆరోజే ప్రతిజ్ఞ చేశాను. ఈ కథ చెప్పేటప్పుడు తప్ప ఆ మాటను నా నోటితో పలకను. ఎవరైనా నాతో పలికితే, వాళ్ళు ఆంధ్రా సరిహద్దులోని నగరికి అవతల పుట్టారో ఇవతల పుట్టారో అడిగి తెలుసుకున్న తర్వాతే వెల్డింగ్ రాడ్డు చేతపడతాను. ఆ ప్రతిజ్ఞ ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు. తప్పడానికి, మళ్ళీ నన్ను వెల్డింగుకు ఎవరైనా పిలిస్తే కదా.