తుపాకి లేని పెట్టె

2009 అక్టోబరు 10, శనివారం, పొద్దున పదకొండు గంటలు. అమెరికాలో, హెర్న్‌డన్‌లో, మా అమ్మాయి వాళ్ల పక్కింటి ముసలాయన తను కూడబెట్టిన పాత రివాల్వర్లు చూపిస్తానని పిలిచాడు. ఒక పెట్టె తెరిచాడు. ఎర్ర మఖ్మల్‌లో రివాల్వర్ ఆకారంలో గుంట, పక్కన చిన్న బ్రష్షు, నూనె సీసా. రివాల్వర్ మాత్రం లేదు.

"అమ్మమ్మా, గన్ కన్నా ఈ ఒరిజినల్ బాక్సే రేర్ అంట," అన్నాడు మనవడు.

"అందులోది ఎక్కడుందో అడుగురా."

"ఆయనకీ తెలీదంట. ఖాళీదే కొన్నాడంట."

ఆ నూనె వాసనకి నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ఎనిమిదేళ్లప్పుడు దొర గడిలో ఊడుస్తుంటే ఇలాంటి పెట్టే ఖాళీగా కనిపించింది. ముందురోజే మా నాయిన వెట్టికి రానని దొర ముఖం మీదే అన్నాడు. దొర తుపాకి పట్టుకుని నాయిన కోసమే పోయాడనుకున్నాను. చీపురు పడేసి చేను దాకా ఉరికాను.

"నాయినా, దొర పెట్టెల తుపాకి లేదు!"

నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

"సక్కగ జూసినవా బిడ్డా?"

నన్ను లాక్కుని జొన్నల్లో కూర్చున్నాడు. ఆకు కదిలితే నాకంటే ముందు ఆయనే ఉలిక్కిపడ్డాడు. పొద్దుగూకే దాకా కొడవలి వదల్లేదు.

ఎలక్షన్లొస్తున్నాయని ఆ తుపాకి అంతకుముందే ఠాణాలో అప్పజెప్పారని తర్వాతెప్పుడో తెలిసింది. నాయినకి భయం ఉంటుందని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది.

ముసలాయన టీ ఇస్తానంటున్నా లేచి వచ్చేశాను.

ఆ రోజు జొన్నచేలో ఉన్నది మా నాయిన రాజయ్య, నేను, మమ్మల్ని వెతుక్కుంటూ సద్ది తెచ్చిన మా అమ్మ ఎల్లవ్వ. దొర అటువైపు రానేలేదు.