బావ తిట్టడం మానేశాక

పగలు పన్నెండు దాటింది. కోరుట్లలో రోహిణి కార్తె ఎండ రోళ్ళు పగలగొడుతోంది. పొద్దున తాగిన ఒక్క చాయ్ తప్ప సాయిలు కడుపులో ఏమీ లేదు. ఆకలి ముందు పేగుల్లో తిరిగింది, తర్వాత చెవుల్లోకెక్కి గుయ్యిమంది, ఇప్పుడు మోకాళ్ళలోకి దిగి అక్కడే కూర్చుంది. అయినా తినడు. బండికి ఆయిల్ మార్చే రోజు పని అయ్యేదాకా ముద్ద ముట్టడు.

అది తాడిచెట్టు నేర్పిన అలవాటు. కొడిమ్యాల దగ్గరి ఊళ్ళో కల్లు గీసిన రోజుల్లో సాయిలు ఏనాడూ నిండు కడుపుతో చెట్టెక్కలేదు. ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకును ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఎవరి మోకు వాళ్ళే చూసుకోవాలి, ఎవరి ముడి వాళ్ళే వేసుకోవాలి, కన్నకొడుకు వేసిన ముడినైనా నమ్మి పైకి పోవద్దని వాళ్ళ నాయన చెప్పేవాడు. తర్వాత వానలు తప్పి చెట్లు ఎండాయి. సాయిలు మస్కట్ పోయాడు. జవానీ అంతా అక్కడ సిమెంటులో కలిపి, తిరిగొచ్చి ఈ పాత తవేరా బండి కొన్నాడు. గల్ఫ్‌కు పోయేవాళ్ళను ఇంటి గడప నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా దింపడం, వచ్చేవాళ్ళను తెచ్చి ఇంట్లో అప్పగించడం, ఇదీ బతుకుదెరువు. చెట్టు పోయి బండి వచ్చినా బుద్ధి మాత్రం అదే. ఆయిల్, ఫిల్టర్ మార్చాలంటే మెకానిక్ దగ్గరికి పోడు. ఇంటి ముందు ముందుచక్రాలను రెండు బండల మీదికి ఎక్కించి, వెనకచక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, తనే కిందికి దూరతాడు.

ఆ రోజు మాత్రం కిందికి దూరింది బామ్మర్ది మధుకర్.

"బావా, జెర నీ బొజ్జ పక్కకు జరుపు. ఎలుగుకు అడ్డమైతంది" అన్నాడు కింద నుంచి.

"ఎలుగు బండికి కాదురా, నీ నెత్తిలకు కావాలె. పదో తరగతి మూడుసార్లు రాసినోనికి పానా ఎటు తిప్పాల్నో ఏం తెలుస్తది?"

"నేను మూడుసార్లన్న రాసిన. నువ్వు బడి దిక్కు మొఖమన్న సూసినవా?"

"దొంగ బామ్మర్ది! మీ అక్క పెండ్లిల మంచం, బీరువ, నువ్వు ఒక్క ట్రాక్టర్ల అచ్చిండ్రు. మంచం ఇరిగింది, బీరువ తుప్పువట్టింది. నువ్వే ఏం గాకుంట ఉన్నవ్."

గోడకు అవతల చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న కొమురవ్వ పకపకా నవ్వింది. "మీ బావబామ్మర్దుల పంచాతి ఉంటే నాకు టీవీ ఎందుకు బిడ్డా" అంది.

సాయిలు చెప్పిన ట్రాక్టర్ సంగతి అబద్ధం కాదు. మధుకర్‌ది రాయికల్ దగ్గర పల్లె. తల్లి పోయేనాటికి వాడికి ముక్కు తుడుచుకోవడం కూడా సరిగా రాదు. తండ్రి అంతకుముందే పోయాడు. అక్క సత్తవ్వ సాయిలుతో పెళ్ళయి అత్తగారింటికి పోతుంటే ఈ పోరడు ట్రాక్టర్ మీద బీరువా పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఎవరూ దింపలేదు. సత్తవ్వకు కడుపు పండలేదు. వాడే తమ్ముడు, వాడే కొడుకు. సాయిలు మస్కట్‌లో ఉన్నన్నాళ్ళూ ఇంటికి మగదిక్కు కూడా వాడే. పెద్దయ్యాక జగిత్యాలలో టెంట్‌హౌస్‌లో పందిళ్ళు కట్టాడు, సిరిసిల్లలో కొన్నాళ్ళు బట్ట నేసే సాంచాలు నడిపాడు, ఆ చప్పుడుకు చెవులు పనిచేయడం లేదని తిరిగొచ్చాడు. ఏ పనికి పోయినా సాయంత్రానికి పాట పాడుతూ ఇల్లు చేరేవాడు. అందుకే వాడంటే వాడకట్టుకంతా ఇష్టం. బండి తుడవడమంటే ప్రాణం. అద్దంలో మొఖం చూసుకోడు గానీ బండి అద్దం మీద ఈగ వాలనివ్వడు.

అలాంటివాడు ఆ ఎండాకాలం కొత్త పాట మొదలుపెట్టాడు. జగిత్యాలలో ఏజెంటును కలిసొచ్చానని, దుబాయ్‌లో పని ఉందని. పాస్‌పోర్టు కూడా తీశాడు. సత్తవ్వ దాన్ని పెట్టెలో పెట్టి పైన పట్టుచీర కప్పింది. కప్పితే కనపడదు గానీ పోదు కదా.

సాయిలుకు ఆ బతుకు తెలుసు. ఒక గదిలో పన్నెండు మంది, ఒకరి చెమట వాసన ఒకరికి దిండు. ఎంతమందిని ఎయిర్‌పోర్టులో దింపాడో, ఎంతమంది ఇండ్లముందు శవపెట్టెలు దింపడం చూశాడో లెక్కలేదు. వాడు పోతే ఇంట్లో సత్తవ్వ మిగలదు, మనిషి నీడ మిగులుతుంది. అందుకే ఒక ఉపాయం పట్టాడు. ఆ రోజు మధుకర్ కిందికి దూరకముందు, బండల మీదికి బండి ఎక్కించి, పానా తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల్టి సంది బండి నువ్వే నడుపుతవ్. నడిపెటోడే ఆయిల్ మార్చాలె. నీ మోకు నువ్వే సూస్కో."

మధుకర్ పానాను అటూ ఇటూ తిప్పి చూసి, ఎదురు తిట్టు కూడా తిట్టకుండా, బండి కిందికి దూరిపోయాడు. వాడి కళ్ళు సాయిలుకు కనపడలేదు.

ఇంజన్ కాసేపు నడిపి ఆపారు, వేడికి ఆయిల్ పలచబడాలని. కోసిన నూనె డబ్బా కింద పెట్టి మధుకర్ బోల్టు విప్పాడు. నల్లటి ఆయిల్ ముందు దారంలా, తర్వాత తాడులా కారింది. చివరి బొట్టు దాకా ఆగమని సాయిలు చెప్పాడు. బోల్టు బిగించాక ఫిల్టర్ వంతు వచ్చింది. అది ఎంతకీ తిరగలేదు. పాత సైకిల్ చైను చుట్టి లాగడానికి మధుకర్ తంటాలు పడుతుంటే, లోపలి నుంచి సత్తవ్వ కేక వేసింది.

"ఇగో, అన్నం సల్లారుతంది. తినేదుందా లేదా?"

మామూలుగా అయితే సాయిలు వినిపించుకోడు. ఆ రోజు నవ్వి లేచాడు. "మోకు ఇగ నాది కాదు గదనే. నేను తినొచ్చు" అంటూ లోపలికి పోయాడు. పచ్చిపులుసు, మక్కగట్క. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయిల్ పని నడుమ తిన్నాడు. కడుపు చల్లబడింది.

తిరిగొచ్చేసరికి మధుకర్ కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ పోసి, కొలపుల్ల తీసి చూస్తున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేశారు. సాయిలు వంగి చూశాడు. కింద ఒక్క చుక్క లేదు.

"ఎట్లుంది బావా?"

"గాడిదకు సుత కొమ్ములు మొలుస్తయని ఇయ్యాల నమ్మిన."

మధుకర్ చెవుల దాకా నవ్వాడు.

రెండో రోజు కిరాయి తగిలింది. రాయికల్ నారాయణ దుబాయ్ పోతున్నాడు. సెలవు అయిపోయి, రెండోసారి. భార్య, సంచులు, పచ్చళ్ళ డబ్బాలు ఎక్కించారు. మధుకర్ స్టీరింగ్ పట్టుకున్నాడు, సాయిలు పక్కన కూర్చున్నాడు. వేములవాడ దాటింది, సిరిసిల్ల దాటింది, మానేరు వంతెన దాటి బండి వేగం అందుకుంది.

"బావా, గీ ఎర్రలైటేంది, ఎలుగుతంది?"

సాయిలు తల తిప్పి చూసేలోపే ఇంజన్‌లో రాళ్ళు పోసినట్టు చప్పుడైంది. బండి ఒక్క కుదుపు కుదిపి నిలబడింది. దిగి చూస్తే వెనక రోడ్డు మీద చాలా దూరం దాకా నల్లటి చార. పోసిన ఆయిలంతా అక్కడే ఉంది.

సాయిలు కిందికి దూరి ఫిల్టర్ విప్పాడు. చేతికి రెండు రబ్బరు రింగులు తగిలాయి, ఒకదాని మీద ఒకటి. పాత ఫిల్టర్ ఊడినప్పుడు దాని రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయింది. నల్లటి ఇనుము మీద నల్లటి రింగు, తెలియనివాడికి అది ఇంజన్‌లో భాగమే అనిపిస్తుంది. దాని మీద కొత్తది బిగిస్తే ఇంటి దగ్గర నిలబడ్డంతసేపు నిలుస్తుంది, రోడ్డు మీద ఒత్తిడి పెరగ్గానే తన్నేస్తుంది. ఒక్కసారి వేలు పెట్టి తడిమితే తెలిసేది. తడమమని చెప్పాల్సిన తను ఆ సమయానికి పచ్చిపులుసు జుర్రుతున్నాడు.

మధుకర్ కూడా వంగి ఆ రింగులు చూశాడు. ఇప్పుడు వేలు పెట్టి తడిమాడు.

నారాయణ రోడ్డు మీద కనపడ్డ బండికల్లా చెయ్యెత్తి ఎత్తి అలసిపోయాడు. ఎట్టకేలకు ఒకటి దొరికి పోయాడు గానీ విమానం అందలేదు. మర్నాడు కోరుట్లకు వచ్చి వాకిట్లో నిలబడి అరిచాడు.

"నా పొట్ట గొట్టిండ్రు గదనే! కంపెనీల నా జాగల కొత్తోన్ని పెట్టుకున్నరట. ఎవడు మార్చిండే ఆయిలు? ఎవడు?"

మధుకర్ గడప దాటి ఒక అడుగు ముందుకు వేశాడు. సాయిలు వాడికి అడ్డం వచ్చాడు.

"నేనే మార్చిన నారాయణా. తప్పు నాదే."

నారాయణ తిట్టినన్ని తిట్లూ సాయిలు తల వంచుకుని పడ్డాడు. పోరడిని కాపాడాననుకున్నాడు. వెనక వాడి మొఖం చూడలేదు.

బండిని తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి ముందు పెట్టారు. ఇంజన్ మొత్తం విప్పాల్సిందేనన్నాడు మెకానిక్. అది ఇప్పట్లో అయ్యే పని కాదు. బావ, బామ్మర్ది ఇద్దరూ రైస్‌మిల్లులో బస్తాలు మోయడానికి పోయారు. అప్పటి నుంచి సాయిలు ఒక నియమం పెట్టుకున్నాడు. పోరడు ముందే కుంగి ఉన్నాడు, వాడిని ఒక్క మాట అనకూడదు. "మధుకర్, తిన్నవా?" అనేవాడు. "మధుకర్, నీళ్ళు కావాల్నా?" అనేవాడు. దొంగ బామ్మర్ది అనలేదు, గాడిద అనలేదు, ట్రాక్టర్ మాటే ఎత్తలేదు. అంత మెత్తగా మాట్లాడడం ఆయన జన్మలో ఎరగడు. నాలుక తిరగక ఒక్కో మాట ఆగి ఆగి వచ్చేది.

మధుకర్ కూడా మెత్తబడ్డాడు. తినగానే తన పళ్ళెం తనే కడిగి బోర్లించేవాడు. కుండలో నీళ్ళు ముంచుకోవడానికి అక్కను అడిగేవాడు. పాట ఆగిపోయింది. బండి దిక్కు చూడకుండా గోడవారగా వచ్చి గోడవారగా పోయేవాడు.

"ఏంది సత్తవ్వా, మీ ఇంట్ల ఎవలన్న సచ్చిండ్రా? సప్పుడే లేదు" అంది కొమురవ్వ.

ఒక సాయంత్రం ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. కూర తక్కువుంది. సాయిలు గిన్నె జరిపితే మధుకర్ చేత్తో ఆపాడు.

"మీరు తినుండ్రి బావా."

సాయిలు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బీరువా పక్కన కూర్చుని వచ్చిన నాటి నుంచి వాడు ఏనాడూ బావను 'మీరు' అనలేదు.

వాడు చెయ్యి కడుక్కుని బయటికి పోయాక సత్తవ్వ గొంతు తగ్గించి మొగుణ్ణి నిలదీసింది.

"నువ్వాన్ని తిట్టు."

"ఏమని తిట్టాలె? పోరడు నలిగి నలిగి ఉన్నడు."

"గందుకే తిట్టుమంటున్న. ఇంజన్ పాడుజేస్తివి గదరా లంగ అని నలుగురిల ఇజ్జత్ తియ్యి. వాడొక మాటంటడు, నువ్వొక మాటంటవు, ఒడుస్తది. నువ్వు సుట్టపోన్ని అడిగినట్టు తిన్నవా, తాగినవా అనవడ్తివి. సుట్టమైతే ఎన్నొద్దులుంటడు? సుట్టం పోతడు."

"నా తప్పు ఆనిమీద ఎట్లేయాలెనే? నేను తినవోతిని గద."

"గా మాటన్న ఆనికి చెప్పినవా?"

చెప్పలేదు. చెప్పాలన్న సంగతే ఆయనకు తోచలేదు. ఆయన లోపల తనను తాను తిట్టుకుంటున్నాడు. ఆ మౌనం వాడి చెవికి ఇంకోలా వినపడుతోంది. రాత్రంతా సాయిలు అటు పొర్లి ఇటు పొర్లి, తెల్లారి మిల్లుకు పోయాడు. మధుకర్ నడుము నొప్పి అని ఇంట్లో ఉండిపోయాడు.

బస్తా ఎత్తినప్పుడల్లా సాయిలు ఒక తిట్టును నోట్లో తిప్పుకున్నాడు. మరీ మొరటుగా ఉండొద్దు, మరీ మెత్తగా ఉండొద్దు. ఇంజన్ సంగతి అందులో రావాలి, కానీ వాడు నవ్వాలి. మధ్యాహ్నానికి కుదిరింది. తనకు తనే నవ్వుకున్నాడు. పక్కన మోసేవాళ్ళు ఎండ తగిలిందేమో అనుకున్నారు. ఆ తర్వాత తొలకరి జల్లు పడి పని తొందరగా ఆగింది. సాయిలు తడుస్తూనే ఇంటికి నడిచాడు. వాకిట్లో అడుగు పెట్టకముందే, వాడకట్టంతా వినేలా గొంతెత్తాడు.

"ఏమిరో, ఇంజన్ మింగిన బామ్మర్దీ! తవేరాను బుక్కినవ్, నీకు ఇగ అన్నమెందుకురా? రేపటి సంది మీ అక్క నీకు డీజిల్ పోస్తది!"

గోడ అవతల కొమురవ్వ బీడీల చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. "అబ్బ! ఇన్నొద్దులకు నోర్లు తెరిసిండ్రు. మీ నోర్లల్ల మన్నువడ, నా పానం కుదుటవడ్డది" అంది.

లోపలి నుంచి ఎదురు తిట్టు రాలేదు. సాయిలు నవ్వుమొఖంతోనే ఆగాడు. వాడు మాట వెతుక్కుంటున్నాడనుకున్నాడు.

సత్తవ్వ వచ్చి గడపలో నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చేసిన బీడీలు కార్ఖానల ఇచ్చొచ్చేసరికి లేడు. పెట్టెల పాస్‌పోర్టు లేదు. నాకు సుత ఒక్క మాట చెప్పలే."

సాయిలు జల్లులో అలాగే నిలబడ్డాడు. ఎటు పోయాడని అడగలేదు. పాస్‌పోర్టు లేదంటే ఎటో, అంతమందిని ఎయిర్‌పోర్టులో దింపిన ఆయనకు తెలుసు. అడిగింది ఒక్కటే.

"ఎవల బండ్ల పోయిండే?"

సత్తవ్వకు అది కూడా తెలియదు.