శ్రీకి వదిలిన జాగా

నిన్న బ్యాంకులో చెక్కు రాస్తుంటే స్టాంపు ప్యాడు సిరా వాసన ముక్కుకు తగిలింది. అంకెలను ఎడమ అంచుకు ఆనించి రాసి, చివర గీత లాగాను. "గంత అంచుకు ఎందుకమ్మా, జాగ బాగనే ఉన్నది గద" అని కౌంటర్లోని అమ్మాయి నవ్వింది. ఆమె తప్పేం లేదు. అయినా నాకు ఒళ్లు మండింది. ఆ మంట వయసు అరవై ఏళ్లు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కరీంనగర్ దగ్గరి మా ఊళ్లో నేతగాళ్ల సంఘానికి రాజేశం సారు కార్యదర్శి, నేను గుమస్తాను. చెక్కు నేను రాయాలి, సారు సంతకం పెట్టాలి, తరువాత అధ్యక్షుడి ఇంటికి పంపి రెండో సంతకం చేయించాలి. నా మొదటి చెక్కును సారు నా ఎదుటే చింపేశారు.

"గీడ జాగెందుకు ఇడిసినవ్?"

"శ్రీకి సార్. మా బాపు నూలు లెక్క గట్లనే రాస్తడు. ముందుగాల రెండు వేళ్ల జాగ ఇడుస్తడు."

"పద్దుల ఇడువు. చెక్కు మీద శ్రీ మనసుల రాసుకో బిడ్డా. దేవునికని ఇడిసిన జాగల దొంగ కూసుంటడు."

పేరు తరువాత గీత కొట్టు, అక్షరాలు, అంకెలు ఒకే మాట చెప్పాలి, చివర 'మాత్రమే' రాసి మిగిలిన చోటు మూసెయ్యి, దిద్దవలసి వస్తే కొత్తది రాయి. ఏడాది పాటు ఇదే పాఠం. ప్రతి చెక్కునూ కిటికీ వెలుతురుకు పట్టి చూసేవారు. ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని.

దీపావళి మర్నాడు కూలీల కోసం ఎనిమిది వందలకు చెక్కు రాశాను. ముందురోజు ఇంట్లో బాపు కొత్త పద్దు పుస్తకంలో శ్రీ రాసి వచ్చిన నా చెయ్యి, అంకెల ముందూ అక్షరాల ముందూ రెండు వేళ్ల జాగా వదిలేసింది. సారుకు ఆ రోజు జ్వరం. చూడకుండా సంతకం పెట్టారు. అధ్యక్షుడు రెండో సంతకం పెట్టి, తన మనిషితో డబ్బు తెప్పించి, ఎనిమిది వందలు మా బల్ల మీద పెట్టించాడు. నెల తిరగకముందే నూలు వ్యాపారికి ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేదని వెనక్కి వచ్చింది. సారు, నేను బ్యాంకుకు పరుగెత్తి పాత చెక్కు చూశాం. నేను వదిలిన జాగాలో అంకెల ముందు ఒక 2, అక్షరాల ముందు 'రెండు వేల' ఉన్నాయి. నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. నేసేవాళ్ల ఇళ్లల్లో పిల్లలు గంజితో సరిపెట్టుకున్నారు.

సంఘం సమావేశంలో అధ్యక్షుడు కాలు మీద కాలేసుకుని, "రాసింది మీ గుమస్తా. ముందుగాల సంతకం మీ సారుది. నన్నేమడుగుతరు?" అన్నాడు. ఎవరి పనో అందరికీ తెలుసు. కానీ అప్పుమీద నూలు రావాలంటే ఆయన మాట కావాలి. ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. సారు లేచి, "జాగ చూసుకోకుండ సంతకం పెట్టిన. పైసలు నేను కడ్త" అన్నారు. ఉన్న ఒక్క మెట్ట చెలక అమ్మి కట్టారు, ఉద్యోగం వదిలేశారు. అదే సమావేశంలో అధ్యక్షుణ్ణి మళ్లీ ఎన్నుకుని దండ వేశారు. ఆ దండ వేసిన చేతులు తలపుకొస్తే ఇప్పటికీ పళ్లు నూరుతాను.

వారం తరువాత సారు ఇంటికి వెళ్లాను.

"నా తప్పని ఎందుకు చెప్పలే సార్?"

"చెప్తే నిన్ను పట్టుకుంటరు, వాణ్ని ఇడుస్తరు" అని ఒక తెల్లకాగితం నా ముందుకు తోశారు. "రాయి. ఎనిమిది వందలు."

అంచుకు ఆనించి రాశాను. గీత లాగాను. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "గిప్పుడొచ్చింది" అన్నారు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న కౌంటర్లోని అమ్మాయితో, "జాగ ఉంటే ఎవలన్న వస్తరు బిడ్డా" అని మాత్రం అని వచ్చేశాను. అధ్యక్షుడి మీద, దండ వేసినవాళ్ల మీద ఇన్నేళ్లుగా కోప్పడుతూనే ఉన్నాను. కానీ ఆ సమావేశంలో తల వంచుకుని కూర్చున్న గుమస్తా మీద ఉన్నంత కోపం నాకు ఎవరి మీదా లేదు. లేచి మూడు మాటలు అంటే సరిపోయేది. సారు బతికుండగా నలుగురిలో ఎన్నడూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను: జాగ ఇడిసింది నేను.