బక్కెట్లో మూడు జాయింట్లు

కైకలూరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో వైరు జాయింటు వెయ్యాలంటే అబ్దుల్ సలాం రావాల్సిందే. ఇరవై ఆరేళ్ల పనితనం మరి. జాయింటు వేసి, కరెంటు ఆన్ చేయించి, ముందు తనే నీళ్లలో దిగి నిలబడేవాడు. "చూశారుగా, బతికే ఉన్నాను. ఇక మీరు దిగండి" అని నవ్వేవాడు. ఆ నవ్వులో కాస్త గర్వం ఉండేది. ఉండొద్దా ఏంటి!

2008 జూన్‌లో కలిదిండి దగ్గర పాపారావు చెరువులో ఏరియేటర్లకి ఆరు జాయింట్లు వేశాడు. ఏరియేటర్లు నీళ్లమీద తేలుతూ, చక్రాలతో నీళ్లు చిలికి రొయ్యలకి గాలి అందిస్తాయి. వాటి కేబుల్ జాయింట్లు రాత్రీ పగలూ నీళ్లలోనే నానుతాయి. ఇదివరకు టేపు చుట్టి, పైన సైకిల్ ట్యూబు కట్టేవాడు. ఈసారి అద్దాల షాపులో దొరికే సిలికాన్ దట్టంగా పట్టించాడు. చేపల తొట్టెలోంచే నీళ్లు కారకుండా ఆపుతుంది కదా, వైరుకి ఆపదా? అదీ ఆయన ధీమా. పూస్తుంటే పుల్లటి ఘాటు ముక్కుకి కొట్టింది. పట్టించుకోలేదు. ఎప్పటిలాగే నీళ్లలో దిగాడు. ఏమీ కాలేదు.

ఆ వారమే బెజవాడ నుంచి ఒక సేల్స్‌మన్ వచ్చి, జాయింట్లలో పోసే జెల్ శాంపిల్ ఇచ్చి వెళ్లాడు. అందులోని రెండు సీసాలూ కలిపి పోస్తే జున్నులా గడ్డకడుతుందట. "అంత మెత్తటిది నీళ్లనేం ఆపుతుందండీ!" అని సలాం ఎగతాళి చేశాడు. మొండి మనిషి, అక్కడితో ఊరుకుంటాడా? తేల్చేద్దామని మూడు జాయింట్లు కట్టాడు. ఒకదానికి జెల్, ఒకదానికి రాయిలా గట్టిపడే కాంపౌండు, ఒకదానికి తన సిలికాన్ వేసి ఉప్పునీళ్ల బక్కెట్లో ముంచాడు. "ఇంట్లో ఇంకేం లేనట్టు నా బక్కెట్టే దొరికిందా మీకు?" అని భార్య రజియా మూడు వారాలూ సణుగుతూనే ఉంది.

ముసురు పట్టిన ఒక ఉదయం మూడూ తీసి కోశాడు. జెల్ వేసినది పొడిగా ఉంది, లోపల రాగి తళతళలాడుతోంది. కాంపౌండు అంచు దగ్గర విడిచి చెమ్మ లాగింది. సిలికాన్‌ది కోయగానే పచ్చటి నీళ్లు కారాయి. రాగి తీగ పొడి పొడిగా రాలిపోయింది. ఆ ఘాటే దాన్ని తినేసింది.

సలాంకి ముందు పాపారావు చెరువు గుర్తొచ్చింది. ఆ వెంటనే కృపానందం గుర్తొచ్చాడు.

కృపానందం ఆ చెరువు కాపలా మనిషి. అరవై ఏళ్లుంటాయి. మొన్న టీకొట్టు దగ్గర కనపడి, చక్కెర లేని టీ అడిగాడు. "షుగరొచ్చేసిందండీ సలాంగారూ. కాళ్లు ఒకటే జివ్వుమంటున్నాయి. చెరువులో దిగితే మరీనండీ."

"టెస్టు చేయించారా బాబాయ్?"

"ఎందుకండీ? మా పేటలో అందరికీ ఇలాగే మొదలైంది. అన్నం కూడా మానేశాను."

అయ్యో పాపం అని తల ఊపి, సలాం తన టీ తను తాగి వచ్చేశాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది, తన మీద తనకే.

పాపారావుకి ఫోన్ చేశాడు. "హలో! హలో! ఈ హోరులో ఏం వినపడ్డం లేదండీ!" అని అవతల పెట్టేశాడు. అంటే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. చక్రాలకి చుట్టుకున్న నాచు తీయడానికి కృపానందం దిగేది కూడా ఈ వేళకే. స్కూటర్ నాలుగు కిక్కులకి గానీ స్టార్టవలేదు. "యా అల్లా, ఈ ఒక్కసారికి" అనుకుంటూ బురద రోడ్డు మీద పోనిచ్చాడు.

గట్టెక్కేసరికి కృపానందం నడుం లోతు నీళ్లలో ఉన్నాడు. జాయింటున్న వైపే నడుస్తున్నాడు.

"బాబాయ్! ఆగండి!"

ఎవరికి వినపడుతుంది! సలాం స్కూటర్ అక్కడే పడేసి షెడ్డులోకి పరిగెత్తి మెయిన్ దించేశాడు. హోరు ఆగిపోయింది.

"ఏంటండీ ఇది! అవతల రొయ్యలు గాలందక తేలుతుంటే కరెంటాపుతారా? మతి పోయిందా మీకు?" పాపారావు కేకలేస్తూ వచ్చాడు. సలాం ఆయన్ని దాటుకుని గట్టు అంచుకి వెళ్లాడు.

"బాబాయ్, ఇప్పుడు కాళ్లు జివ్వుమంటున్నాయా?"

కృపానందం నిలబడి చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "లేదండీ! ఇందాకటిదాకా నిలవనివ్వలేదు. పత్యం పనిచేసిందండీ, షుగర్ తగ్గిపోయింది!"

ఔనని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. రాత్రికి రాత్రి ఆరు జాయింట్లూ మార్చేసి పేరు నిలబెట్టుకోవచ్చు.

"అది షుగర్ కాదు బాబాయ్. నా జాయింట్లలోంచి నీళ్లలోకి కరెంటు వస్తోంది. ఇన్నాళ్లూ మీ కాళ్లకి కొట్టింది అదే. తప్పు నాది." పాపారావు వైపు తిరిగాడు. "ఆరూ విప్పి జెల్ పోసేదాకా మెయిన్ ఎత్తొద్దండి. డీజిల్ ఇంజన్‌తో నీళ్లు కొట్టించండి."

పాపారావు డీజిల్ ఇంజన్ కోసం పరిగెత్తాడు. కృపానందం కేబుల్ వైపు చూశాడు, తన కాళ్ల వైపు చూశాడు. మెల్లగా గట్టెక్కి సలాం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడితే బాగుండుననిపించింది సలాంకి.

"అయితే సలాంగారూ, ఇక అన్నం తినొచ్చాండీ?" అని అడిగాడు కృపానందం.